మునిగిన మనిషిని అడిగిన ప్రశ్న

ఆదోని వెళ్తున్నానంటే, ఎందుకని అడిగినవాళ్ళందరికీ మంత్రాలయం దర్శనానికని చెప్పాను. దేవుడి పేరు చెబితే మా కాకినాడలో రెండో ప్రశ్న వేయరు. ప్రసాదం తెమ్మంటారు, అంతే. అసలు సంగతేమిటంటే, ఆదోనిలో కొంతమంది నన్ను తాళ్ళ గురించి మాట్లాడటానికి పిలిచారు.

నేను ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. వయసు నలభై దాటింది, పెళ్ళి ఒకటి అయిపోయింది, నా ఇష్టాలేమిటో తీరిగ్గా తెలుసుకున్నాను. వాటిలో ఒకటి ఇది: ఇద్దరు పెద్దవాళ్ళు ముందే అన్నీ మాట్లాడుకుని, ఒకరు కట్టడం, ఒకరు కట్టించుకోవడం. ఒకరు మాట చెప్పడం, ఒకరు లొంగడం. కొందరికి దెబ్బ కూడా కావాలి. ఆపమన్న క్షణాన ఆపాలి, అది మొదటి నియమం. దీనికి బీడీఎస్ఎమ్ అని ఇంగ్లీషు అక్షరాల పేరుంది. ఆ పేరు వినగానే తోలు బట్టలూ కొరడాలూ ఊహించుకునేవాళ్ళు కాసేపు వాటిని పక్కన పెట్టండి. నేను వెళ్ళిన చోట దూది పరుపులూ, చెనక్కాయ ఉండలూ, మజ్జిగా ఉన్నాయి.

కట్టు కుదిరి, ఊపిరి నెమ్మదించాక కొందరు ఒక స్థితిలోకి జారతారు. మాట తగ్గిపోతుంది. నొప్పి పక్కింట్లో ఎవరిదో అన్నట్టుంటుంది. పది నిమిషాలు గడిచాయో గంట గడిచిందో తెలియదు. ఒళ్ళు తనకు తానే తయారు చేసుకునే మందు అది. హైదరాబాదు, విశాఖ గుంపుల్లో దానికి ఇంగ్లీషు పేర్లు వాడతారు. ఆదోని వాళ్ళు ‘మునక’ అంటారు. ‘ఆయమ్మ మునిగింది’ అంటే చాలు, అందరూ గొంతు తగ్గిస్తారు. నేను ఎంతోమందిని మునుగుతుండగా చూశాను గానీ, నాకు మాత్రం ఎప్పుడూ మోకాలి లోతు దాటలేదు. దానికి నాకేం బెంగ లేదు. ఒడ్డున కూర్చునేవాళ్ళు కూడా ఒకరుండాలి కదా.

పేర్లన్నీ మార్చాను. కొన్ని వృత్తులు కూడా. ఎవరినైనా గుర్తుపట్టామని మీరనుకుంటే, వాళ్ళు వీళ్ళు కారు.

ఉగ్గాని

నన్ను పిలిచింది రత్నమ్మ. యాభై దాటిన మనిషి, ఆదోనిలో నైటీల అంగడి. “మేమంతా ముప్పై దాటినోళ్ళమే మేడం. నరాలు యాడ పోతాయో, యాడ కట్టగూడదో వచ్చి చెప్పిపో. ఇంకో పంచాయితీ కూడా ఉండాది, అది వచ్చినాక చెప్తా” అని ఫోనులో అంది. ఆ రెండో సంగతి ఏమిటో ఎంత అడిగినా చెప్పలేదు.

శుక్రవారం పొద్దున దిగగానే స్టేషను దగ్గరే నన్ను ఒక హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జి తెప్పించింది. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగుల్ని, అదే మా మరమరాల్ని, ఉల్లిపాయ, పసుపు, పప్పుల పొడితో తాలింపు వేసినది. చూడ్డానికి మా అటుకుల ఉప్మాకు చెల్లెల్లా ఉంది. మా వైపు మిరపకాయ బజ్జీకి లోపల వాము పొడి కూరి, గింజలు తీసి, మనిషి తినేట్టు చేస్తారు. ఇక్కడ మిరపకాయ తన పొగరు తనకుండగానే పిండిలో దూకుతుంది. నేను గోదావరి జిల్లా ధీమాతో సగం కొరికాను. తర్వాత కాసేపు నాకు మాట రాలేదు. పక్క బల్ల మీద ఇద్దరు పత్తి రైతులు నా వంక జాలిగా చూసి, మజ్జిగ తెమ్మని వాళ్ళే కేకేశారు. ముప్పై రూపాయలకు కడుపూ నిండింది, కళ్ళూ నిండాయి.

పరుపుల మేడ

వీళ్ళు కలిసే చోటు ఖాజాభాయ్ పరుపుల అంగడి మేడ. కింద దూది ఏకే మిషను గరగరలాడుతుంటుంది. పైన గది నిండా కుట్టినవీ, కుట్టాల్సినవీ పరుపులు గోడలకు ఆనించి ఉంటాయి. లోపల ఎంత గట్టిగా మాట్లాడినా శబ్దం దూదిలో ఇంకిపోతుంది. విశాఖలో మా వాళ్ళు ఇలాంటి గది కోసం రిసార్టులకు వేలు పోస్తారు.

కలిసేది ఎప్పుడూ మధ్యాహ్నమే. నాకది వింతగా అనిపించి అడిగాను. రాత్రి పూట ఆడవాళ్ళు మెట్లెక్కితే వీధంతా లెక్కపెడుతుందని, మిట్టమధ్యాహ్నం ఎక్కితే పరుపు కొలతలకు వచ్చారనుకుంటారని ఖాజాభాయ్ చెప్పాడు. పైగా ఆ ఎండలో లెక్కపెట్టేవాళ్ళు కూడా నిద్రపోతుంటారట. రత్నమ్మ ఆదివారాలు చర్చి నుంచి బైబిలు చేతిలో పట్టుకునే నేరుగా వస్తుంది.

ఖాజాభాయ్ సన్నగా, గడ్డానికి గోరింటాకు రంగుతో, ఎప్పుడూ నెమ్మదిగా ఉంటాడు. ఆయన కట్టడు, కట్టించుకోడు. ఎవరు మునిగినా వాళ్ళ పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండటమే ఆయన పని. మునిగినవాళ్ళకు మాట రాదు కాబట్టి వీళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎమ్మిగనూరు పశువుల సంతలో దళారులు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్ళు నొక్కి ఎద్దుల బేరం చేస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకుండా. అదే ఇక్కడికి తెచ్చుకున్నారు. ఖాజాభాయ్ తువ్వాలు కింద కట్టులో ఉన్న మనిషి చేయి పట్టుకుంటాడు. ఒక వేలు నొక్కితే బాగుందని, రెండు నొక్కితే నెమ్మదించమని, పిడికిలి బిగిస్తే విప్పేయమని. నొక్కుడు మరీ నీరసంగా ఉన్నా విప్పేస్తారు. నేను చూసిన గుంపులన్నిటిలోకీ ఇది మంచి పద్ధతి. కాకినాడ వచ్చాక మా వాళ్ళకు కూడా నేర్పాను.

ఇంకో ఆచారం కూడా నచ్చింది. కట్టడానికి ముందు, ఏది సమ్మతమో ఏది కాదో కట్టించుకునే మనిషి అందరి ముందూ పైకి చెప్పాలి, పొలం అమ్మేటప్పుడు నాలుగు హద్దులూ చెప్పినట్టు. హద్దు చెప్పాక దాన్ని మధ్యలో జరపడానికి లేదు.

ఇంత జాగ్రత్త గల మనుషులకు ఇక పంచాయితీ ఏముంటుందని అడిగాను. రత్నమ్మ ఖాజాభాయ్ వంక చూసింది. ఆయన, “పరేషాన్ గావద్దమ్మా. రేపు ఎమ్మిగనూరుకు పోయిరా. ఆ ఇద్దర్నీ చూస్తే నీకే ఎరుకైతాది” అన్నాడు.

ఎమ్మిగనూరు మగ్గం

ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఈరన్న గుంట మగ్గం మీద దుప్పట్లు నేస్తాడు. సరోజ ఇంట్లో మిషను కుడుతుంది. నేను వెళ్ళేసరికి సరోజ కట్టెల పొయ్యి ముందు జొన్న రొట్టెలు తడుతోంది, అరచేతులతోనే, కర్ర లేకుండా. మాకు మధ్యాహ్నం అన్నం లేకపోతే భోంచేసినట్టే కాదు. ఇక్కడ రొట్టె, చెనక్కాయ కారం, వంకాయ కూర పెట్టి, అన్నం ఊరికే మర్యాద కోసం చివర్న చూపించారు. నేను తట్టిన రొట్టె ఆఫ్రికా పటంలా వచ్చింది. దాన్ని ఈరన్నకే వేశారు. ఆయన కిమ్మనకుండా తిన్నాడు.

తిన్నాక సరోజ తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పింది. బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట ఆమెకు సూపర్‌వైజరు పని ఇస్తామంటున్నారు. వారమంతా అక్కడ ఉండి ఆదివారం ఇంటికి రావాలి. వెళ్ళాలనీ ఉంది, వద్దనీ ఉంది. సోమవారంలోగా మాట చెప్పాలి. ఇలా ఊగుతుండగా ఒక ఆదివారం పరుపుల మేడ మీద ఈరన్న ఆమెను కట్టాడు. ఆమె మునిగింది. అప్పుడు ఈరన్న వంగి ఆమె చెవిలో అడిగాడు, బళ్ళారికి పోతావా, ఇక్కడే ఉంటావా అని. ఆమె ‘ఉంటా’ అంది.

అలా అన్నట్టు ఆమెకు లీలగానే గుర్తుంది. ఈరన్న మాత్రం మర్నాడే అన్నకూ వదినకూ, ఇది పోవడం లేదు అని చెప్పేశాడు. అప్పట్నుంచీ సరోజ మేడ ఎక్కలేదు.

“అది నా మాట గాదక్కా. ఆ యాలప్పుడు బాయిలో దూకమన్నా దూకుతాంటి. దూకాలని నాకుండాదనా?” అంది సరోజ. ఆ తర్వాత ఆమె చెప్పిందే నా మనసులో నిలిచిపోయింది. “నాకు మునక ఇష్టం. వారమంతా నా తలకాయలో మిషను తిరుగుతానే ఉంటాది. ఆడొక్కచోటే ఊరుకుంటాది. ఇప్పుడు ఆడికి పోవాలంటే, యేం మాట జారుతుందోనని నోరు కాపలా కాసుకోని పోవాల. కాపలా కాస్తా యెట్ల మునిగేది?”

ఆమె పోగొట్టుకుంటున్నది ఉద్యోగం ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆమెకు ఉన్న ఒకే ఒక విశ్రాంతి పోతోంది, అదీ తను బాగా నమ్మిన మనిషి వల్ల.

బావి మాట

ఇలాంటి మొగుడు మా ఊళ్ళో తగిలితే నేను ఏం చేసేదాన్నో నాకు తెలుసు. నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. ఆ ఉద్దేశంతోనే మగ్గం గుంట పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ఈరన్న దారపు నాడెను అటూ ఇటూ ఆడించడం ఆపాడు. నలభై ఏళ్ళ మనిషి, వెడల్పాటి చేతులు, ముఖం నిండా దిగులు.

“నేను బలవంతం చేసినానా అక్కా? అడిగినా, సెప్పింది. మామూలుగా అడిగితే ఒకనాడు పోతానంటాది, ఒకనాడు పోనంటాది. ఆ యాలకు మనిషి అబద్దం సెప్పదు.”

ఎందుకలా అనుకుంటున్నావని అడిగాను. వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. ఊరి దేవరకు, అంటే జాతరకు, ఆవిడ ఒంటి మీదికి అమ్మవారు వచ్చేదట. వీధి వీధంతా కొబ్బరికాయలు పట్టుకుని ఆవిడ ముందు నిలబడి అడిగేవాళ్ళు, వానలెప్పుడు, పిల్లకు పెళ్ళెప్పుడు అని. ఒకసారి బావి ఎక్కడ తవ్వాలని అడిగితే ఆవిడ నడిచిపోయి ఒకచోట కాలితో తన్నింది. మామూలప్పుడు నలుగురి ముందు నోరు మెదపని మనిషి. అక్కడ తవ్వారు. నీళ్ళు పడ్డాయి. ఈరన్న ఆ నీళ్ళు తాగే పెరిగాడు.

నేను నాకు తెలిసిన శాస్త్రం చెప్పాను. ఆ స్థితిలో ఆలోచించే భాగం వెనక్కి తగ్గుతుందని, ఎవరు పట్టుకుని ఉన్నారో వాళ్ళకు నచ్చిందే నోట వస్తుందని, అది నిజం కాదు, ఒదుగుదల అని. బొమ్మ కూడా గీశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“నువ్వు సెప్పేది నిజమే అయింటాది అక్కా. మరి నీళ్ళు పడినాయి గదా” అన్నాడు.

నా దగ్గర నరాల సంగతులున్నాయి గానీ బావుల సంగతులు లేవు. దులుపుదామని వచ్చిన దుమ్ము అక్కడ లేదు. అతను కపటంతో అడగలేదు. గుళ్ళో అడిగినంత భక్తిగా అడిగాడు. మా కాకినాడలో ఈ తప్పు ఎవరూ ఈ కారణంతో చేయరు, అమ్మవారి వాక్కు విని పెరిగినవాళ్ళే చేయగలరు. కపటమైతే పట్టుకోవచ్చు. నమ్మకంతో చేసినదానికి ఎవరేం చెప్పినా తలకెక్కదు. తిరుగు బస్సులో నిజంగా నాకు దిగులేసింది.

ఆదివారం

మధ్యాహ్నం మేడ మీద ఖాజాభాయ్, రత్నమ్మ, నేను, ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరూ తమ గురించి రాయొద్దన్నారు, రాయను. సరోజా ఈరన్నా కూడా వచ్చారు గానీ చెరో గోడకు కూర్చున్నారు. మోచేతికి పైన లోపలి వైపు నరం ఎలా పోతుందో, బొటనవేలు తిమ్మిరెక్కితే ఎందుకు వెంటనే విప్పాలో నా పాఠం నేను చెప్పాను. అందరూ ఒకరి చేతులు ఒకరు నొక్కి చూసుకున్నారు, సరోజా ఈరన్నా తప్ప.

పాఠం అయ్యాక రత్నమ్మ పంచాయితీ మొదలుపెట్టబోయింది. సరోజ ఆపింది. మాటలతో అయ్యేది కాదని, ఈరన్న ఒక్కసారి మునిగి చూడాలని, తనే కడతానని చెప్పింది. ఈరన్న ఇన్నేళ్ళలో ఎప్పుడూ కట్టించుకోలేదు. మగవాడు కట్టించుకోవడమేమిటన్న సంకోచం అతని ముఖంలో కనిపించింది. ఖాజాభాయ్ తువ్వాలు దులిపి పక్కన కూర్చున్నాడు. ఈరన్న కాసేపు పరుపు అంచు లాగుతూ కూర్చుని, సరేనన్నాడు.

హద్దులు పైకి చెప్పాడు. కళ్ళకు గంతలు వద్దు. దెబ్బలు వద్దు. కుడి భుజం మగ్గం వల్ల నొప్పి, చేయి పైకి లాగొద్దు. నేను భుజం తిప్పి చూసి, చేతులు ఒళ్ళోనే ఉండేట్టు కట్టమన్నాను. తాడు పత్తి నూలుది, ఈరన్నే పేనింది. సరోజ కడుతుంటే చూడటం బాగుంది. తొందర లేదు, తడబాటు లేదు. ఒక్కో చుట్టుకూ తాడు కింద వేలు దూర్చి సందు చూసుకుంటూ పోయింది.

మొదట ఈరన్న నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. భుజాలు దిగాయి, దవడ వదులైంది, ఊపిరి ఎక్కడో కింద నుంచి రావడం మొదలైంది. ఖాజాభాయ్ తువ్వాలు కింద ఒక వేలు నొక్కుడు అందిందని కళ్ళతో చెప్పాడు. ఈరన్న కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. కాస్సేపటికి ఆ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ముఖం మాత్రం ఎంతో ప్రశాంతంగా ఉంది. తల మెల్లగా వాలి సరోజ భుజానికి ఆనింది.

అప్పుడు గదిలో అందరం సరోజనే చూశాం. ఇప్పుడు అడుగుతుంది, ఇతని చేత సరేననిపిస్తుంది, అతని పద్ధతిలోనే అతనికి జవాబు చెబుతుంది అని మేమంతా అనుకున్నాం. రత్నమ్మ ముందుకు కూడా వంగింది. నిజం చెప్పాలంటే నేను కూడా అడిగితే బాగుండుననే అనుకున్నాను. సరోజ అతని చెవి దగ్గరకు వంగింది. అంటుకున్న దూది పింజను తీసేసింది, అంతే. వీపు నిమురుతూ కూర్చుంది. కింద మిషను ఆగి, మళ్ళీ మొదలైంది. ఆమె అడగలేదు.

విప్పేటప్పుడు కూడా నెమ్మదిగానే విప్పింది. దుప్పటి కప్పి, చెనక్కాయ ఉండ చేతిలో పెట్టి, మజ్జిగ తాగించింది. మనిషి తిరిగొచ్చి సర్దుకునే దాకా పక్కనే ఉంది. ఈరన్న ముంజేతుల మీది తాడు అచ్చులు రుద్దుకుంటూ చాలాసేపు ఉన్నాడు.

“యేం అడగలేదే నువ్వు?” అన్నాడు చివరికి.

“అడిగింటే?”

“యేదడిగినా ఊ అంటాంటి. మగ్గం అమ్మేద్దామన్నా ఊ అంటాంటి. నువ్వు భుజం తీయకుంటే సాలనిపించింది నాకు.”

అని, అక్కడే ఆగిపోయాడు. తన నోటి మాట తనకే వినబడినట్టుంది. సరోజ వంక చూశాడు, తల దించుకున్నాడు. ఆరోజు నువ్వు కూడా అంతేనా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆమె అంతేనంది.

“మా అమ్మను ఎంతమంది అడిగినారో” అన్నాడు ఈరన్న. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సరోజ అతని చేతిలోని గ్లాసు నింపింది.

“ఇప్పుడు అడుగుతాండా. నేను బళ్ళారికి పోతాండా. నీకెట్లుంటాది?”

ఈరన్న మజ్జిగ అంతా తాగాడు. గ్లాసు పరుపు మీద పెట్టబోయి, పడిపోతుందని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“బాగుండదు. ఒక్కన్నే కూసోని తినాల.” ఖాళీ గ్లాసు ఆమెకు అందించాడు. “బాగుండదు గానీ, పో.”

సరోజ ఆ మాట తీసుకుంది. సోమవారం దాకా ఆగకుండా, అక్కడే అతని పక్కన కూర్చుని బళ్ళారికి ఫోను చేసింది.